తలుపు వేసుకుని ఒక తలంటు

ఈసారి నా పుట్టినరోజుకి మావారు చీర కొనలేదు. ఎప్పుడూ చీరేనా అనుకున్నారో ఏమో, దగ్గర్లో ఉన్న ఒక సెలూన్‌లో హెయిర్ స్పాకి 1,800 రూపాయలు కట్టేసి వచ్చారు. ముందు ఆ డబ్బు చూసి నా ప్రాణం ఉసూరుమంది. వెళ్ళాక మాత్రం, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పిల్ల మెత్తగా మాడు నొక్కుతుంటే పది నిమిషాల్లో నిద్ర ముంచుకొచ్చేసింది. సరిగ్గా అప్పుడే ఫోను. "పంచదార డబ్బా ఎక్కడుంది?" ఇంకో ఐదు నిమిషాలకి మళ్ళీ ఫోను. "చిన్నాడి తెల్ల సాక్సులు ఎక్కడున్నాయి?" మూడోసారి మోగితే ఆ పిల్లే నవ్వుతూ ఫోను తీసి బల్లమీద బోర్లా పెట్టింది.

ఇంటికొచ్చాక రెండో తరగతి చదువుతున్న మా చిన్నాడు, "స్పా అంటే ఏంటమ్మా?" అన్నాడు. "నూనె రాసి, తల నొక్కి, రుద్ది, కడిగి, ఆవిరి పట్టారు నాన్నా" అన్నాను. వాడు కాస్త ఆలోచించి, "అంటే దీపావళికి నువ్వు మాకు చేస్తావే, అదే కదా!" అన్నాడు. అదే మరి. పెద్దగా తేడా ఏమీ లేదు. నాకు చేసినవాళ్ళు వేరు, అంతే.

ఆ మాట పట్టుకుని నాలుగైదు వారాలు మధ్యాహ్నం పూట ఇదే చదువుకుంటూ కూర్చున్నాను. తెలుసుకున్నవి మీతో పంచుకోకపోతే నాకు తోచదు కదా.

స్పా అనేది అసలు ఒక ఊరి పేరట. బెల్జియంలో చిన్న ఊరు. అక్కడి ఖనిజాల నీటి ఊటల్లో మునిగితే, ఆ నీళ్ళు తాగితే జబ్బులు పోతాయని యూరప్ అంతటి నుంచీ జనం వెళ్ళేవారు. ఆ ఊరి పేరే చివరికి ఇలాంటి స్నానాలన్నిటికీ పేరైపోయింది. మన వైపు ఊటలున్న ఊళ్ళు లేకనా, పేరు తెచ్చుకోవడం ఒక్కటే తెలియలేదు.

షాంపూ సంగతి ఇంకా బాగుంది. అది మన దేశం మాటే. హిందీలో 'చాంప్నా' అంటే నొక్కడం, పిసకడం. 'చాంపో' అంటే 'నొక్కు' అని. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని 'షాంపూ' చేసుకున్నారు. అంటే మొదట్లో షాంపూ సీసాలో పోసే వస్తువు కాదు, చేత్తో చేసే పని. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన కంపెనీ సైన్యంలో పనిచేసి, ఐర్లండు వెళ్ళి, జేన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. 1810లో లండన్‌లో 'హిందుస్తానీ కాఫీ హౌస్' పెట్టి చేతులు కాల్చుకున్నాడు. తరవాత సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ చేరి అక్కడ స్నానాలగది తెరిచాడు. మూలికలు వేసి కాచిన నీటి ఆవిరి పట్టి, ఫ్లానెల్ గుడ్డతో చేసిన చిన్న గుడారంలో మనిషిని కూర్చోబెట్టి, ఆ గుడ్డకున్న చేతుల సంచుల్లోంచి లోపలికి చేతులు పెట్టి ఒళ్ళు మర్దన చేసేవాడు. దాని పేరే షాంపూయింగ్. ఆడవాళ్ళ వైపు వ్యవహారం జేన్ చూసుకునేది. జనం తండోపతండాలుగా వచ్చారు. నాలుగో జార్జి రాజు, ఆయన తరవాత నాలుగో విలియం రాజు ఆయన్ని తమ 'షాంపూయింగ్ సర్జన్'గా పెట్టుకున్నారు. 1822లో ఈ విద్య మీద ఆయన పుస్తకం కూడా వేశాడు.

చదువుతుంటే నవ్వొచ్చింది నాకు. మా వీధిలో బాలింతలకి నీళ్ళుపోసే ఆవిడ చేసేది కూడా ఇదే. ఆవిడని సర్జన్ అన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

సరే, మన రాజుల సంగతి చూద్దాం అనుకున్నాను. వాళ్ళకేం, రాజభోగాలు! 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన 'మానసోల్లాసం'లో స్నానం కూడా ఒక భోగమే. పూలతో పరిమళం పట్టించిన నువ్వులనూనె సంగతి అందులో ఉంది. ఇక మన కృష్ణదేవరాయలు. ఆయన కొలువు చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో రాసిపెట్టాడు. రాయలవారు తెల్లవారక ముందే లేచి నువ్వులనూనె తాగేవారట. కొంచెం కాదండోయ్, మన లెక్కలో నాలుగైదు వందల మిల్లీలీటర్లు ఉంటుంది. ఒళ్ళంతా అదే నూనె పట్టించి, బరువులెత్తి, కత్తి తిప్పి, పట్టిన నూనెంతా చెమటగా కారిపోయేదాకా సాధన చేసి, కుస్తీ పట్టి, గుర్రమెక్కి తిరిగి వచ్చేవారు. అప్పుడు స్నానం. ఆ స్నానం చేయించడానికి ఒక మనిషి. (మీలో ఎవరైనా నువ్వులనూనె తాగి చూస్తాం అంటే మాత్రం నాది పూచీ లేదు.)

వైద్యగ్రంథాలు అంత హంగు అడగలేదు. వాగ్భటుడి 'అష్టాంగహృదయం'లో దినచర్య అధ్యాయం ఉంది. రోజూ నూనె మర్దన చేసుకోమన్నాడాయన. ఒళ్ళంతా కుదరకపోయినా తల, చెవులు, అరికాళ్ళు మాత్రం వదలొద్దన్నాడు. అలసట పోతుంది, నిద్ర బాగా పడుతుంది అన్నాడు. మంచి మాటే. అయితే ఆ పేజీ చదువుతుంటే నాకో చిన్న ఆలోచన వచ్చింది. తెల్లవారుజామున లేచి తీరిగ్గా అరికాళ్ళకి నూనె రాసుకునే ఈ మనిషికి ఆ పూట నీళ్ళు తోడింది ఎవరు, పొయ్యి వెలిగించింది ఎవరు, పిల్లాడు ఏడిస్తే ఎత్తుకున్నది ఎవరు?

ఆ ఎత్తుకున్నావిడ కథ కూడా మనకుంది. ఏటా వినాయక చవితికి చదువుతూనే ఉంటాం, పట్టించుకోం. పార్వతీదేవి స్నానానికి వెళ్తూ నలుగుపిండితో ఒక పిల్లాణ్ణి చేసి, ప్రాణం పోసి, గుమ్మంలో కాపలా పెట్టింది. ఎందుకు? లోపలికి ఎవరూ రాకుండా. కైలాసంలో ఉన్న జగన్మాతకే ప్రశాంతంగా స్నానం చేసుకోవాలంటే ఒక మనిషిని తయారుచేసి తలుపు దగ్గర నిలబెట్టాల్సి వచ్చిందన్నమాట! అయినా శివుడు ఆగాడా? పిల్లాడి తల తీసేసేదాకా వెళ్ళింది వ్యవహారం. చిన్నప్పుడు ఏనుగు తల వచ్చిన ముచ్చటే గుర్తుండేది. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక ఆ గుమ్మమే కనిపిస్తోంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పనా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. అమ్మని అడిగితే, "చెప్పు, ఇంకెవరు చెబుతారు" అంది.

మా తాతగారి అక్కగారిని మేం పెద్దమామ్మ అనేవాళ్ళం. మా ఊరు రాజమండ్రికి ఇరవై మైళ్ళు. పండగలకి అక్కచెల్లెళ్ళం, మేనత్త పిల్లలం, బాబాయి పిల్లలం పదకొండు మందిమి చేరేవాళ్ళం. అందరికీ తలంట్లు పోసేది పెద్దమామ్మే. ముందురోజు రాత్రే కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసి నానబెట్టేది. తెల్లారేసరికి పెరట్లో పొయ్యి మీద రాగి కాగు బుసబుసలాడుతుండేది. మమ్మల్ని వరసగా పీటల మీద కూర్చోబెట్టి, మాడు మీద గోరువెచ్చటి నువ్వులనూనె పెట్టి, చెవుల వెనక నుంచి కాలివేళ్ళ సందుల దాకా పట్టించేది. తరవాత సున్నిపిండి. అది రుద్దుతుంటే చర్మం ఊడొస్తుందేమో అనిపించేది. చివర కుంకుడు రసం. కళ్ళల్లో పడిందని గోల పెడితే నోట్లో ఉప్పుకల్లు వేసేది. మంట ఎలా తగ్గుతుందో తెలీదు కానీ, ఉప్పు చప్పరిస్తూ ఏడవడం మర్చిపోయేవాళ్ళం. ఆఖర్న ఆడపిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, నిప్పుల్లో సాంబ్రాణి వేసి, బుట్ట బోర్లించి, దానిమీద జుట్టు పరిచి ఆరబెట్టేది. ఒక్కొక్క పాయా విడదీస్తూ, "నీ జుట్టు మీ మేనత్తదేనే, పట్టుకుచ్చు" అనేది.

ఇంతమంది జుట్టు చూసుకున్న ఆవిడకి జుట్టు లేదు. ఎప్పుడూ తెల్లచీర కొంగు తలమీద నుంచి కిందికి లాక్కుని ఉండేది. పద్నాలుగో ఏట భర్త పోయాడట. పదిహేను రోజులకోసారి పెరటి గుమ్మంలోకి మంగలి వచ్చేవాడు. ఆ పూట మమ్మల్ని వీధరుగు మీదకి తోలేసేవారు. ఎందుకో మాకు తెలీదు. ఆవిడ స్నానం తెల్లవారుజామున నూతి దగ్గర, చన్నీళ్ళతో. పసుపు లేదు, నూనె లేదు, నలుగు లేదు. పండగ తలంట్లు అయ్యాక మమ్మల్ని ముట్టుకున్నందుకు మళ్ళీ ఇంకో చన్నీళ్ళ స్నానం.

మన దగ్గర నలుగు ఊరికే ఒంటికి రాసుకునే పిండి కాదు కదా. పెళ్ళికూతుర్ని చేసినప్పుడు నలుగు, మంగళస్నానం. సీమంతం, పురుడు, భోగి, ఉగాది, దీపావళి, శుభం అన్న ప్రతిచోటా పసుపూ నూనే ఉన్నాయి. అందుకే శుభానికి పనికిరాదు అనుకున్న మనిషికి ముందు వాటినే తీసేశారు. మొదట గాజులు, బొట్టు, పూలు అంటాం. స్నానం కూడా తీసేశారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

వితంతువుల పెళ్ళికి 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా వెలివేస్తే, వంటవాళ్ళూ నీళ్ళుమోసేవాళ్ళూ రామంటే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసి వంట చేసిందని చెబుతారు. ఆ పెళ్ళి అంటే మనకి వీరేశలింగంగారే గుర్తొస్తారు, నాకు మాత్రం ఇప్పుడు ఆ బిందెలు గుర్తొస్తున్నాయి. ఆ తరవాత దాదాపు యాభై ఏళ్ళకి మా పెద్దమామ్మ భర్త పోయాడు. రాజమండ్రి నుంచి మా పెరటిదాకా ఇరవై మైళ్ళే. యాభై ఏళ్ళలో కూడా ఆ కబురు రాలేదు.

1992 చలికాలంలో నూతి దగ్గర జారిపడి పెద్దమామ్మకి తుంటి ఎముక విరిగింది. ఇక లేవలేదు. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం అమ్మ మీద పడింది. మొదటి వారం ఉత్త వేడినీళ్ళతో తుడిచిందట. ఒకరోజు వీపంతా పొడిబారి పొట్టు రాలుతుంటే చూడలేక, గిన్నెలో నూనె వెచ్చచేసి, ఇంత సున్నిపిండి కలుపుకుని తీసుకెళ్ళింది. అది పెద్దమామ్మే సంక్రాంతికని ఆడించి డబ్బాకెత్తిన పిండి. వాసన తగలగానే ఆవిడ తల తిప్పి చూసి, "నాకెందుకే అమ్మాయ్" అందట. అమ్మ ఏం మాట్లాడకుండా భుజాలకి నూనె రాయడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక పెద్దమామ్మ అందట: "తలుపేసి రావే."

అమ్మ తలుపేసి వచ్చింది. నలుగు పెట్టింది. "చేతులకి తప్ప ఒంటికి ఎప్పుడూ తగల్లేదే ఈ పిండి" అందట ఆవిడ. అమ్మ ఆ మాట చెప్పినప్పుడు నేను ఏం అడగాలో తెలీక, "తరవాత?" అన్నాను. "తరవాతేముంది, ఆవిడ పోయేదాకా శుక్రవారం శుక్రవారం అలాగే చేశాను. మీ మామ్మకి తెలుసు. తలుపేసి ఉంటే తట్టేది కాదు" అంది.

ఇదంతా చదివి, పాతకాలం స్నానాలన్నీ తప్పు అంటోందీవిడ అనుకోకండి. అలాగని పాతవన్నీ బంగారం అనే మాటా నాకు నచ్చదు. ఈ మధ్య ఎక్కడ చూసినా 'మన అమ్మమ్మల రహస్యాలు' అంటూ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అమ్మమ్మల రహస్యం ఏమిటంటే, అమ్మమ్మలు చాకిరీ చేశారు. కుంకుళ్ళు కొట్టాలి, నానబెట్టాలి, పిసకాలి, వడకట్టాలి, మరకలు పడ్డ రాయి కడగాలి. 1888లో కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బు పెట్టెలు దిగాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఎగుమతులు ఆగి గంధపుచెక్క గుట్టలు పడిపోతే, మైసూరు సంస్థానంలో 1916లో గంధం నూనె తీయడం, 1918లో ఆ నూనెతో సబ్బు చేయడం మొదలుపెట్టారు. 1980లలో తమిళనాడు కడలూరు వైపు నుంచి షాంపూ ప్యాకెట్లు కిళ్ళీకొట్టు దండలకి ఎక్కాయి. మా అమ్మ మొదటిసారి ఆ చిన్న ప్యాకెట్టు చింపిన రోజు గురించి ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది. స్కూలుకి వెళ్ళే ముగ్గురికి అరగంటలో తలస్నానాలు! ఆ అరగంటలో మిగిలిన టైములో ఆవిడ పేపరు చదువుకునేది. ఆ ప్యాకెట్టుని తిట్టడానికి నాకు నోరు రాదు.

కాబట్టి నేను రెండూ కలిపేశాను. పిల్లలకి మామూలు రోజుల్లో షాంపూనే. ఆదివారం మాత్రం ఇంట్లో స్పా. (పంచాంగం ప్రకారం ఆదివారం తలంటు పనికిరాదట. శుక్రవారం ఆడవాళ్ళకి, శనివారం మగవాళ్ళకి. మా పిల్లల స్కూలుకి ఆ సంగతి తెలీదు.)

సున్నిపిండి ఏడాదికి రెండుసార్లు ఆడిస్తాను. కిలో పెసలు, పావుకిలో శనగలు, గుప్పెడు బియ్యం, కాసిని కచ్చూరాలు, తుంగముస్తెలు, కొంచెం వట్టివేరు, నాలుగు పసుపుకొమ్ములు, ఎండబెట్టిన గులాబీ రేకులు. బావంచాలు మా పెద్దమామ్మ వేసేది, నేను వెయ్యను. వాటిలో ఉన్న పదార్థం ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. మొహానికి మరీ మెత్తగా జల్లించి, పెరుగులో కలిపి వాడతాను. కుంకుళ్ళ బదులు పొడి కొనుక్కోవచ్చు కానీ, నేను ఏడెనిమిది కాయలు రాత్రి వేడినీళ్ళలో వేసి పడుకుంటాను, అంత కష్టమేం కాదు. అందులో నాలుగు మందారాకులు పిసికితే జిగురొచ్చి జుట్టు చిక్కు పడదు, ఇదే కండిషనర్. కుంకుడు నురుగు రహస్యం సపోనిన్ అనే పదార్థం. ఆ చెట్టు శాస్త్రీయనామం 'సపిండస్' అంటే 'ఇండియా సబ్బు' అని అర్థమట. కాళ్ళకి ఒక బేసిన్‌లో వేడినీళ్ళు, గుప్పెడు కల్లుప్పు. మొత్తం ఖర్చు లెక్కేస్తే నలుగురికీ కలిపి నెలకి రెండొందలు దాటదు. సాంబ్రాణి పొగ మాత్రం చంటిపిల్లలకీ, ఆయాసం ఉన్నవాళ్ళకీ వద్దు. పసిపిల్లల చెవుల్లో, ముక్కుల్లో నూనె పొయ్యడం కూడా మానేయాలి. మన పెద్దవాళ్ళు చేసేవారు, మా పిల్లల డాక్టరమ్మ మాత్రం ససేమిరా అంది.

వస్తువుల సంగతి అది. అవి ఎప్పుడూ మనకి కొరత కాలేదు. నాకు దొరకనిది ఆ అరగంట. అందుకే వరస మార్చాను. పిల్లల తలంట్లు ఇప్పుడు మావారి డ్యూటీ. మొదటి ఆదివారం చిన్నాడి కళ్ళనిండా కుంకుడు పోసి, వాడు కేకలు పెడుతుంటే కంగారుగా పంచదార తెచ్చారు. ఉప్పుకి బదులు! పరవాలేదు, పంచదార డబ్బా ఎక్కడుందో తెలుసుకున్నారు కదా. నా తలకి నూనె పెట్టేది మా పెద్దది. పన్నెండేళ్ళు దానికి, చేతులు చిన్నవి, పది నిమిషాలకే నొప్పి అంటుంది. ఆ పది నిమిషాలూ నాకు చాలు. తరవాత నేను స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాను. ఫోను బయటే.

మొన్న ఆదివారం లోపల మాడుకి కుంకుడు రసం పట్టించుకుంటుంటే బయట మాటలు వినిపించాయి.

"ఒక్క నిమిషంరా, షేవింగ్ బ్రష్ తీసుకుని వచ్చేస్తా."

"వద్దు నాన్నా. అమ్మ ఇంకా నలుగు పెట్టుకోలేదు."

"నీకెవర్రా చెప్పింది ఇక్కడ కూర్చోమని?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కూర్చున్నా."

నేను చెంబుతో ఇంకాసిని వేడినీళ్ళు ముంచుకున్నాను.